వలిసెలు పూచిన వేళ అరకు

వేసవి రాగానే కొండలకు పోవుట ఆంగ్లేయులు మనకు అలవాటు చేసి పోయిన వేడుక. ఎండకు తాళలేని దొరలు ఉదకమండలమునకో, సిమ్లాకో తరలుచుండగా వారి వెంట కచేరీలును, కచేరీల వెంట గుమాస్తాలును తరలుట ఆనాడు పరిపాటి. మన వేడుక వేరు. కార్తిక మాసమున ఉసిరిచెట్టు నీడను వెదకుకొని వనభోజనమునకు పోవుట తెలుగువారికి తరతరాలుగా వచ్చిన ఆచారము. అందుచేతనే కాబోలు, మనకున్న కొండయూళ్లలో మిక్కిలి పేరుగన్న అరకు వేసవి ఊరు కాక చలికాలపు ఊరైనది. కార్తికము మొదలు సంక్రాంతి సెలవులు ముగియువరకు అచ్చటికి పోవు కుటుంబములకు లెక్క లేదు.

పోవువారిలో పెక్కుమంది ఉదయము కారు దిగి, మధ్యాహ్నము బొంగులో చికెను తిని, సాయంకాలము పసుపుపచ్చని పూలచేనిలో నిలువబడి ఫోటో తీయించుకొని, రాత్రికి విశాఖ చేరుచున్నారు. వారిని తప్పుపట్ట నక్కరలేదు. సెలవులు కొద్ది, సంసారములు పెద్దవి. కాని పిల్లలను వెంటబెట్టుకొని పోవువారు, అందును ఉపాధ్యాయులు, ఒక్క సంగతి మనస్సున ఉంచుకొనవలెను. డిసెంబరు మాసమున మనకు ఆటవిడుపు గాని అరకునకు కాదు. ఆ లోయకు అది కోతల కాలము. కాఫీ పండ్లు ఎఱ్ఱబారి కోతకు వచ్చును. రాజ్మా కాయలు ఎండి నూర్పిళ్లకు సిద్ధమగును. చోళ్లు, సామలు గాదెలకు చేరుచుండును. ఊరంతయు పనిలో ఉన్నపుడు మనము చుట్టములుగా పోవుచున్నాము. ఆ పనిని చూచుట, అడిగి తెలిసికొనుట, అచ్చట చలికాలమున పిల్లలు చేయదగిన వానిలో మొదటిదని నా అభిప్రాయము. తక్కిన వినోదములు దాని తరువాతనే.

ఈ చూపు రైలులోనే ఆరంభము కావలెను. విశాఖపట్నము నుండి అరకు రోడ్డు మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. కారులో సుఖముగానే పోవచ్చును. అయినను ఉదయపు పాసింజరు బండి ఎక్కి నాలుగు గంటలు ప్రయాణము చేయుటకు ఇష్టపడిన కుటుంబమునకే ఆ కొండల నిజస్వరూపము తెలియును. కొత్తవలస నుండి కిరండూల్ వరకు దాదాపు 450 కిలోమీటర్లు సాగిన ఈ మార్గమును 1960వ దశకమున జపాను సహాయముతో నిర్మించిరి. బస్తరులోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు దింపి, అచ్చటినుండి జపానునకు ఓడలలో పంపుటయే దాని ప్రయోజనము. రాళ్ల కొరకు కొండను తొలిచిరి. మనుష్యులు తరువాత ఎక్కిరి! ఎదురుగా దిగివచ్చు గూడ్సుబండి కనబడినపుడు పిల్లలకు దానిని చూపవలెను. దిగునపుడు నిండుబరువు, ఎక్కునపుడు ఖాళీ వాగన్లు. బరువు ఎక్కించు శ్రమ ఇంజనుకు తగ్గినది గాని, బండి ప్రాణమంతయు బ్రేకులలో ఉన్నది.

మార్గము మొత్తము మీద 58 సొరంగములు కలవు. వానిలో పెక్కు అరకు చేరులోపలనే వచ్చును. పిల్లల చేతికి కాగితమును పెన్సిలును ఇచ్చి లెక్కింపుమనవలెను. ఇద్దరు పిల్లలున్నచో ఇద్దరి లెక్కయు ఒకటి కాదు. ఆ తగవు తీర్చుటతో సగము ప్రయాణము గడచిపోవును. దారిలో వచ్చు శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. కాశ్మీరు లోయలో పట్టాలు పడక పూర్వము, దేశములోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అదియే అత్యున్నతమని ప్రసిద్ధి. అది దాటిన పిమ్మట బండి కొంత దిగి అరకు చేరును. 2017లో ఈ బండికి అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను తగిలించిరి. చార్జీ హెచ్చయినను జనులు దానికై ఎగబడుచున్నారు. దృశ్యము విశాలముగా కనబడుట నిజమే. కాని అది చల్లదనపు యంత్రము గల పెట్టె, కిటికీలు తెరచుకొనవు. సొరంగము నుండి వెలువడగానే ముఖమునకు తగులు తడిమట్టి వాసనగల గాలి సాధారణపు పెట్టెవారికే దక్కును.

ఇక చలి. అరకు సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు వేయి మీటర్లు పెరిగినచో ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గునని పిల్లలు బడిలో చదువుకొనియే ఉందురు. ఆ లెక్కన విశాఖ కన్న అరకు ఆరు డిగ్రీలు చల్లగా ఉండవలెను. డిసెంబరు రాత్రి విశాఖలో పదునెనిమిదో ఇరువదియో డిగ్రీలున్నచో అరకులో పండ్రెండు, పదునాలుగు ఉండవలసిన మాట. కాని తెల్లవారుజామున చూచినపుడు పది డిగ్రీలకు దిగువన ఉండుట అచ్చట సామాన్యము. పాఠమున చెప్పిన లెక్కకును, గోడకు వ్రేలాడు థర్మామీటరునకును ఈ భేదము ఏల వచ్చినది? ఉపాధ్యాయునకు ఇంతకన్న మంచి ప్రశ్న దొరకదు.

జవాబు మూడు విధములుగా ఉన్నది. విశాఖకు సముద్రము దాపున ఉండుటచే రాత్రి చలి అణగియుండును. కొండలకు ఆ కాపుదల లేదు. చలికాలపు రాత్రి ఆకాశము నిర్మలము కనుక నేల పగలు పట్టియుంచుకొన్న వేడిమి తిన్నగా పైకి పోవును. మూడవది మిక్కిలి చమత్కారమైనది. కొండచరియలను అంటుకొనియున్న గాలి చల్లబడి బరువెక్కి, వాన నీరు జారినట్లే మెల్లగా పల్లమునకు జారి లోయ అడుగున చేరి నిలుచును. నీటికి చెరువెట్టిదో చల్లగాలికి లోయ అట్టిది. ఆ చల్లదనములో గాలిలోని తేమ పొగమంచుగా మారును. అందుచే తెల్లవారువేళ కొండ పైభాగమున కన్న లోయ అడుగుననే చలి హెచ్చు! ఒక థర్మామీటరును వెంట తీసికొనిపోయి, అయిదు గంటలకు బస వాకిట ఒకసారి, గట్టు మీదికి నడచి మరియొకసారి చూచిన పిల్లవాడు ఈ సంగతిని జన్మలో మరువడు. జ్వరము చూచు థర్మామీటరు దీనికి పనికిరాదు. దాని అంకెలు ముప్పదియైదు దగ్గరనే ఆరంభమగును.

ఇదే మంచును పైనుండి చూడగోరువారు పాడేరు చేరువనున్న వంజంగి కొండను చీకటితో ఎక్కుచున్నారు. సూర్యోదయవేళ కాళ్ల క్రింద తెల్లని మేఘసముద్రమును, దానినుండి దీవులవలె తలలెత్తిన కొండకొమ్ములును కనబడును. క్రిందనున్న పల్లెవాసికి మంచు, కొండమీది మనకు మబ్బు, వస్తువు ఒక్కటే. ఎండ ముదిరినకొలది అది చెదరిపోవును. ఎక్కుటకు వయసు మళ్లినవారిని, చంటిబిడ్డలను బలవంతపెట్టరాదు. నీళ్లసీసాలు, బిస్కత్తు కాగితములు తిరిగి క్రిందికి తెచ్చుటకు ఒక సంచి పిల్లల భుజాన వేయుట మాత్రము మరువరాదు.

సాయంకాలము నెగడు. ఉత్తరాంధ్ర పల్లెలలో ఇప్పటికిని ఇంటివాకిట చలిమంట వేసి ముసలివారు, పిల్లలు చుట్టును చేరుట కలదు. బసలలో దీనికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి సొమ్ము తీసికొనుచున్నారు. తీసికొననిండు. కాని పాటలపెట్టె కట్టివేయుమని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. ఇంటిలో ఎవరి గదిలో వారు, ఎవరి ఫోను వారు చూచుకొను కుటుంబమునకు, తాతగారు కథ చెప్పగా అందరును ఒకే మంటవైపు చూచు ఒక రాత్రి దొరకుట సామాన్యభాగ్యము కాదు.

ఇంతకును అరకు పేరు చెప్పగానే ఎల్లరకును తలపునకు వచ్చునవి వలిసెపూలు. వెఱ్ఱినువ్వులనియు కొన్ని తావుల అందురు. పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందిన మొక్క. దాని పుట్టినిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. వానలు వెనుకబట్టు కాలమున చల్లినచో నవంబరు నాటికి పూతకు వచ్చును. కొండవాలు, సారము తక్కువైన నేల, కొద్దిపాటి తేమ—ఇంతమాత్రమే దానికి చాలును. అందుచేతనే వేరొక పంట రాని చోట్ల గిరిజన రైతు దానిని నమ్ముకొన్నాడు. పూలు రాలిన పిమ్మట సన్నని నల్లని గింజలు వచ్చును. వానినుండి తీసిన నూనె వంటకు పనికివచ్చును. పిండి పశువులకు మేత.

ఆ చేను మనకు కనబడునట్లు పూలతోట కాదు. అది ఒక ఇంటి వంటనూనె, పిల్లల చదువుకు వచ్చు నాలుగు రూపాయలు. ఈ సంగతి తెలియక, తెలిసియు లక్ష్యపెట్టక, నడిచేనిలోనికి దూరి మొక్కలను త్రొక్కి, పూగుత్తులు త్రుంచి చెవులలో తురుముకొని ఫోటోలు తీయించుకొనువారు ఉన్నారు. త్రొక్కిన వలిసె మరల లేవదు. దాని పూవు త్రుంచినచో ఆ మేరకు గింజ లేదు. ఇందుచే కొందరు రైతులు చేనిలో అడుగు పెట్టుటకు కొంత రుసుము అడుగ నారంభించిరి. దీనిని దోపిడీయని గొణుగువారిని చూచినచో నాకు విస్మయము కలుగును. పట్టణములో సినిమాహాలు బయట బండి నిలుపుటకు ఇచ్చిన సొమ్ము గుర్తు ఉండని మనకు, ఒకరి పంటలో నిలువబడుటకు ఇచ్చిన సొమ్ము గుర్తుండుట ఏమి న్యాయము? అడిగిన సొమ్ము ఇచ్చి, గట్టు దిగకుండ నిలువబడి, రైతు చూపిన చోటనే ఫోటో తీసికొనవలెను. పిల్లలచేత ‘చేనిలోనికి రావచ్చునా?’ అని అడిగించుట ఇంకను మేలు.

గట్టుమీద కూర్చున్న పిల్లలకు పని లేదనుకొనరాదు. ఒక గజము మేర చేనిని గురిపెట్టి, అయిదు నిమిషములలో ఎన్ని తేనెటీగలు వచ్చినవో లెక్కింపుమనుడు. పొద్దుటి మంచులో ఒకటి రెండు కనబడిన గొప్ప. ఎండ వచ్చిన పిదప లెక్కకు అందవు. వలిసె తన పుప్పొడితో తాను గింజకట్టునది కాదు. ఒక మొక్క పుప్పొడి మరియొక మొక్కకు చేరవలెను. ఆ పని ఈ ఈగలది. ఈ లెక్క కట్టిన పిల్లవాడు పూవును త్రుంచుటకు చేయి చాపడు. ఎవరును వానికి నీతులు చెప్పనక్కరలేదు.

వలిసె తరువాత కాఫీ. అనంతగిరి ఘాటు మొదలుకొని రోడ్డునకు ఇరుప్రక్కల పొడవైన సిల్వరు ఓకు చెట్లు, వానిని పెనవేసికొన్న మిరియపు తీగలు, వాని నీడలో గుబురుగా పెరిగిన కాఫీ మొక్కలు కనబడును. ఒకే నేల మీద మూడంతస్తుల సేద్యము! నవంబరు నుండి పండ్లు ఎఱ్ఱబారును. ఒకే కొమ్మ మీద ఎఱ్ఱనివి, పసరువి కలిసియుండుటచే ఎఱ్ఱనివి మాత్రమే చేతితో ఏరవలెను. అందుచే ఒకే మొక్క వద్దకు పలుమారులు రావలసియుండును. యజమాని అనుమతించినచో పిల్లలు ఒక పండును కొరికి చూడవచ్చును. పైతోలు క్రింద సన్నని తీపిగుజ్జు, దాని లోపల ఒకదానికొకటి ఎదురుగా ఒదిగిన రెండు గింజలు. పండును పారవేసి గింజను వేయించి త్రాగు మనుష్యుని తెలివి వారికి అప్పుడు ఆశ్చర్యము గొలుపును. కోసిననాడే గుజ్జు తీసి, కడిగి, కళ్లములలో ఎండబెట్టుట చూడదగినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీని రైతులవద్ద కొనుచున్నది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ గింజ ప్యారిసు నగరపు అంగడి వరకును పోయినది. ఇంటిలో రోజు రెండు పూటల త్రాగు కాఫీ వెనుక ఎన్ని చేతులున్నవో ఒక పూటలో కంటికి కనబడు చోటు మన రాష్ట్రమున ఇది.

వారపు సంత జరుగుదినమును కనుగొని ఆనాడు అచ్చట ఉండునట్లు ప్రయాణము కుదుర్చుకొనుట మంచిది. చింతపండు, అల్లము, పసుపు, రాజ్మా, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు, తేనె నెత్తిన పెట్టుకొని కొండలపైనుండి తెల్లవారకముందే నడచి వచ్చువారిని చూడవచ్చును. బేరమాడుటలో మన పట్టణవాసుల నేర్పు ఇచ్చట చూపకున్నను నష్టము లేదు. చీపురుకట్టకు అయిదు రూపాయలు తగ్గించిన మహావిజయమును పిల్లల ఎదుట చెప్పుకొనుట అంత శోభింపదు.

సంతలో చెవి ఒగ్గి వినవలసినది మాటలు. బగతలు, కొండదొరలు, పోర్జలు, గదబలు, కోటియాలు, కొందులు—ఎవరి భాషలు వారివి. వారిలో వారికి ఆదివాసీ ఒడియా వాడుకభాషగా కుదిరినది. కొండదొరల కూబి భాష మన తెలుగునకు పినతల్లి బిడ్డ వంటిది. రెండును ద్రావిడకుటుంబములోని ఒకే శాఖకు చెందినవి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ కొండలలో తిరిగి, ఆ భాష వ్యాకరణమును, కథలను, పదములను సేకరించి 1969లో గ్రంథముగా వెలువరించిరి. లిపి లేనంతమాత్రమున భాషకు వ్యాకరణము లేదని తలచు విద్యార్థులకు ఈ సంగతి చెప్పవలెను. సంతలో ఒక వస్తువు పేరు ఎన్ని భాషలలో ఎట్లందురో నలుగురిని అడిగి వ్రాసికొనిన కాగితము, బడి తెరచిన తరువాత తెలుగు తరగతిలో ఒక గంట నడిపించును.

ధింసా నృత్యమును గూర్చి ఒక మాట. స్త్రీలు చేతులు ఒకరి వెనుక ఒకరు పెనవేసికొని, తుడుము, డప్పు, కొమ్ముబూరల మోతకు అడుగులు కలుపుచు పామువలె సాగు ఆ నృత్యము కన్నులపండువు. అయితే దాని నిజమైన కాలము చైత్రమాసపు ఇటుకల పండుగ, పెండ్లిండ్లు. డిసెంబరు రాత్రి బస వాకిట మనకొరకు జరుగునది కూలికి ఆడు ఆట. పగలంతయు కాఫీ కోసి వచ్చిన కాళ్లే అవి కావచ్చును. చూడవద్దని నేననను. చూచి, ఆదరముతో సొమ్మిచ్చి, వరుసలోనికి రమ్మని వారు పిలిచినపుడు మాత్రమే పిల్లలను పంపవలెను. పిలువకుండ మధ్యలో దూరి గెంతు పెద్దలను చూచి తలవంచుకొనవలసివచ్చును.

తక్కిన చోట్లు త్వరగా చెప్పవచ్చును. బొఱ్ఱా గుహలు రైలుదారిలోనే ఉన్నవి. వాని మీదుగానే పట్టాలు పోవుచున్నవి. సున్నపురాతిని నీరు కరగించి తొలిచిన ఆ గుహలు చలికాలమున వెలుపలికన్న వెచ్చగా తోచును. అచ్చట పుట్టిన గోస్తనీ నది తాటిపూడి జలాశయము మీదుగా భీమునిపట్నము వద్ద సముద్రమున కలియును. పటములో వ్రేలితో గీయించి చూపవలెను. పద్మాపురము తోటను రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికులకు కూరగాయలు పండించుటకు నెలకొల్పిరి. చంటిపిల్లలకు అచ్చటి చిన్నరైలు చాలును. గిరిజన మ్యూజియమును సంతకు పోకముందు చూచినచో సంతలోని వస్తువులు పరిచితములగును. డుంబ్రిగూడ వద్ద చాపరాయి పేరునకు తగినట్లు చాపవలె పరచిన బండ. దానిమీద నీరు పలుచగా జారుచుండును. పాచి పట్టిన ఆ బండ పెద్దలనే పడవేయును. పిల్లల చేయి విడువరాదు.

పాడేరు మీదుగా చింతపల్లి దాటి లంబసింగి వరకు పోవు ఓపిక ఉన్నవారు పోవచ్చును. ఆ ఊరిని కొఱ్ఱబయలు అనియు అందురు. రాత్రి ఆరుబయట పడుకొన్నవాడు కొఱ్ఱువలె బిగిసిపోవునట! కొన్ని ఏండ్ల చలి సున్న డిగ్రీల దరికి దిగిన వార్తలు మనము చదివియున్నాము. అయితే నర్సీపట్నము నుండి అచ్చటికి ఎక్కు ఘాటురోడ్డు చరిత్ర తెలియకుండ ఆ మలుపులు తిరుగుట అన్యాయము. గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ అను నతడు కొండవారిచే సరియైన కూలి ఈయక పని చేయించి ఈ ప్రాంతపు రోడ్డు వేయించెను. ఆ కడుపుమంటయే మన్యము తిరుగుబాటునకు గల కారణములలో ఒకటి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసుఠాణాపై పడి తుపాకులను పట్టుకొనెను. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టిరి. బండి కిటికీలో తల పెట్టి వాంతి చేసికొను పిల్లవానికి ఈ చరిత్ర రుచింపదు. రోడ్డు చివర దిగి తేఱుకొన్న తరువాత చెప్పవలెను.

క్రిస్మసు మొదలు జనవరి మొదటి వారము వరకు, సంక్రాంతి దినములలోను ఘాటురోడ్డున కార్లు బారులు తీరి గంటలకొలది నిలిచిపోవును. వీలైనవారు ఆ దినములను తప్పించి వారము మధ్యలో పోవలెను. ఉన్నిదుస్తులు, చెవులకు మఫ్లరు, దోమతెర తప్పనిసరి. రెండు రాత్రులకు తక్కువగా ఉండుట వ్యర్థము.

సంతలో కొనదగినవానిలో చౌకయైనది దోసెడు వలిసెగింజలు. వానిని బడిలో భద్రపరచి, ఆగస్టు చివర వాన కురిసిన దినమున తోటమూలను ఒక గజము నేల త్రవ్వి చల్లినచో రెండు నెలలు దాటునప్పటికి పూచును. ఒక్క మొక్క పెంచి గింజకై కనిపెట్టిన లాభము లేదు. ఇరువదియో ముప్పదియో మొక్కలు దగ్గరదగ్గరగా ఉండవలెను, తేనెటీగలు వాని జాడ కనుగొనవలెను.